ముసుగువాడి నడక

ఫిబ్రవరి 4

చెల్లీ,

బతికున్న మనిషిని తుడిచేసి, అతని చోట ఇంకొకణ్ణి నిలబెట్టి, "ఇదిగో, వీడే వాడు" అని లోకాన్ని నమ్మించే హక్కు నీకెవరిచ్చారు? జవాబు చెప్పుకున్నాకే కింది మాటలు చదువు. చెప్పుకోలేకపోతే మోకాళ్ళ మీద చదువు.

మన మందిరంలో గిటారు వాయించే ఆయన నిన్న కొట్టుకి వచ్చి శుభవార్త మోసుకొచ్చినట్టు చెప్పాడు. మీ కంపెనీ చేసే ముసుగువాడి వీడియో ఆట ఎనిమిది భాగాలతో ఆపేశారట. తొమ్మిదోది రాదట, మళ్ళీ ఒకటోదే వస్తుందట. కథ కొత్తది, ముఖం కొత్తది, ఒళ్ళు కొత్తది. "ముసుగువాడి కదలికలు చూసే విభాగానికి పెద్ద మీ చెల్లెలే కదండీ" అన్నాడు. తాళం విప్పుతున్న స్క్రూడ్రైవర్ జారి నా బొటనవేల్లో దిగింది.

వారమంతా తాళాలు బాగుచేసుకుని ఆదివారం వాక్యం చెప్పేవాడికి ఆటల సంగతేం తెలుసని నవ్వకు. ఏ కాలేజీ మెట్లూ ఎక్కలేదు, నిజమే. కానీ గ్రంథం ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా నా వేలు పెట్టి చదివాను. సృష్టించినవాడే ఒకసారి విసిగిపోయి, లోకమంతా నీళ్ళతో కడిగేసి, ఓడలో ఎక్కినవాళ్ళతో మళ్ళీ మొదలుపెట్టాడు. తర్వాత ఏం చేశాడు? ఇంకెప్పుడూ ఇలా చెయ్యనని మేఘంలో గుర్తు పెట్టుకున్నాడు. అంతటివాడు వద్దనుకున్న పని మీ ఆఫీసువాళ్ళు ఎనిమిది గంటల డ్యూటీలో చేసేస్తారా?

ఆ ముసుగు కింద ఉన్నది ఎవరి ఒళ్ళో నీకు నేను చెప్పాలా? ఉద్యోగంలో చేరిన కొత్తలో నువ్వే మన ఉడుతని వెంటబెట్టుకుపోయావు. ఒంటికి అతుక్కునే నల్ల బట్టలు తొడిగి, వాటినిండా తెల్ల గుండ్లు అంటించి, కెమెరాల ముందు నడువు, దూకు, గోడెక్కు అన్నావు. నా తమ్ముడు, నీ చిన్నన్నయ్య, పెయింటు పని మానుకుని మరీ వచ్చి దూకాడు. ఎనిమిది భాగాల్లోనూ ముసుగువాడిది ఆ నడకే. ఇప్పుడు అతను పరంజా మీంచి పడ్డ దగ్గర్నుంచీ నా ఇంట్లో, కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు.

అతనికి వచ్చినదాని పేరు నేను రాయను. నువ్వు మందిరం వదిలి వెళ్ళాక వచ్చిన పద్ధతి ఇది: మేమెవ్వరం రోగం పేరు ఎత్తం. ప్రార్థనలో అడిగింది అప్పుడే చేతికందిందని సాక్ష్యం చెబుతాం. మొన్న మిషను కుట్టే అక్కయ్యకి చూపు మసకబారితే, ప్రార్థన చేయించుకుని, లేచి "అంతా అద్దంలా కనబడుతోంది" అని చెప్పి, వెళ్తూ వెళ్తూ బల్లకి మోకాలు కొట్టుకుంది. అందరం నవ్వాం, ఆవిడా నవ్వింది. అయినా మాట మార్చలేదు. విశ్వాసమంటే అదీ.

తమ్ముడు మంచం మీదే ఆడుకునే ఆ ఆట నా ఇంట్లో మోగడం నాకిష్టం లేదు, అది వేరే సంగతి. తుపాకుల చప్పుడు వినలేక తలుపు వేసుకోమంటాను. అయినా తమ్ముడి ఒంటిని చెరిపేసే చెయ్యి నా చెల్లెలిది కాకూడదు.

ఫోన్ చెయ్యకు. అన్నం మానడమొక్కటే ఉపవాసం కాదని ఫోన్ వదిలేశాను. కాగితం మీద జవాబివ్వు.

నీ ఆత్మ గురించి కంగారుపడే
పెద్దన్నయ్య


ఫిబ్రవరి 11

పెద్దన్నయ్యా,

మోకాళ్ళ మీద చదవలేదు. బస్సులో ఒంటికాలి మీద నిలబడి చదివాను, దాన్నే లెక్కలో వేసుకో. సగం చదివేసరికి పక్కావిడ "కోర్టు నోటీసా అమ్మా?" అని జాలిపడింది.

నేనెవర్నీ తుడిచెయ్యడం లేదు. విను. ఎనిమిది భాగాల్లో ముసుగువాడు మూడుసార్లు చచ్చి బతికాడు. ఒకసారి మతిపోయింది, ఒకసారి కవల తమ్ముడు ఊడిపడ్డాడు. కథ ఇప్పుడు ఎక్కడుందో రాసేవాళ్ళకే తెలీదు. కొత్తవాళ్ళు "ఇదంతా ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి బాబూ" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోతున్నారు. కిందటి భాగం తుస్సుమంది. మళ్ళీ మొదలెట్టకపోతే మా గదిలో కుర్చీలన్నీ ఖాళీ.

మాకొక కొత్త పెద్దాయన వచ్చాడు. వెనకాల అందరం సున్నా సారు అంటాం, ఏ మాటైనా "సున్నా నుంచి" అనే ఎత్తుకుంటాడు. చెడ్డవాడు కాదు. ఆయన గదిలో గోడలకి ఏమీ ఉండవు, ఒక మేకు కూడా. మొన్న చిన్నన్నయ్య నడక తెరమీద వేసి చూపించాను.

"పాతబడింది మేడమ్. ఎడమ భుజం కిందికి వంగుతోంది. వీరుడు అలా నడుస్తాడా?"

"మన వీరుడు అలాగే నడుస్తాడు సార్. వెనక నుంచి చూసినా జనం గుర్తుపడతారు."

"గుర్తుపట్టకూడదనే కదండీ సున్నా నుంచి మొదలెట్టింది?"

నేను దిగలేదు. ఆయనా దిగలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. దూకుళ్ళు, కొట్లాటలు అన్నీ కొత్త మనిషివి. నడక ఒక్కటి చిన్నన్నయ్యది. కానీ దానికీ మెలిక పెట్టాడు. మేం బొమ్మ మనిషి లోపల ముందు ఎముకలు అమరుస్తాం, వాటికి నటుడి కదలికలు తొడుగుతాం. పాత బొమ్మకి ఎముకలు తక్కువ, కొత్తదానికి చాలా ఎక్కువ. పాత నడకని దీనికి సరిపెట్టడం నెలల పని. అందుకని, చిన్నన్నయ్య వచ్చి కొత్త కెమెరాల ముందు నడవగలిగితే కొత్తగా తీస్తారు. నడవలేడంటేనే పాతదాని మీద ఆ కష్టమంతా పడతారు.

కాబట్టి ఒక్కటే అడుగుతున్నాను. చిన్నన్నయ్య లేవగలుగుతున్నాడా? తనకి ఫోన్ చేస్తే "బాగున్నా" అని పెట్టేస్తాడు. అడ్డంగా పడుకున్నా బాగున్నాడే, ఆస్పత్రిలో ఉన్నా బాగున్నాడే. నువ్వు తిడతావు, శపిస్తావు, కానీ అబద్ధం మాత్రం రాయవు. లేవలేకపోతే చెప్పు, పాత నడక కోసం సున్నా సారు బల్ల మీద కూర్చునైనా పోట్లాడతాను. తను నడిచే చోటు అదొక్కటే మిగిలిందంటే దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వను.

ఉన్నదున్నట్టు రాయి. నాకు నువ్వే దిక్కు.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 20

చెల్లీ,

నీ ఉత్తరం చదువుతూ ఒక్క వాక్యం దగ్గర లేచి నిలబడ్డాను. ముందు ఎముకలు అమరుస్తాం, తర్వాత కదలికలు తొడుగుతాం అన్నావు. లోయ నిండా ఎండిన ఎముకలు, వాటి మీదికి నరాలు, మాంసం, ఊపిరి! ప్రవక్త చూసిన దర్శనాన్ని నువ్వు జీతానికి చేస్తున్నావా? నీకు తెలియకుండానే దేవుడే నీ చేత రాయించాడు. కిందటి ఉత్తరంలో నిన్ను గద్దించాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది తుడిచెయ్యడం కాదు, పునరుత్థానం.

ఉత్తరం పట్టుకుని తమ్ముడి గదిలోకి వెళ్ళాను. ఆట ఆపించాను.

"ఉడుతా, నిన్ను మళ్ళీ పుట్టిస్తున్నారురా!"

"మళ్ళీనా? మొదటిసారి పుట్టినందుకే ఇన్నాళ్ళుగా ఉతుకుతున్నావు అన్నయ్యా."

"నవ్వులాట కాదు. కంపెనీ నిన్ను పిలుస్తోంది. కొత్త కెమెరాలు, కొత్త ఎముకలు."

అతను నవ్వు ఆపాడు. "నన్నా? ముసుగువాడికి నన్నే?" అన్నాడు. ఆ ముఖం నువ్వు చూడాల్సింది. పడ్డ తర్వాత ఆ వెలుగు మళ్ళీ చూళ్ళేదు.

ఆదివారం ఆరాధన కాగానే గిటారాయన్ని, మిషను అక్కయ్యని, బేకరీ ఆయన్ని మందిరం మేడ మీదున్న మా ఇంటికి పిలిచాను. మంచం చుట్టూ చేరి చేతులుంచి మొరపెట్టాం. బేకరీ ఆయన చేతులకి పిండి ఇంకా ఉంది, తమ్ముడి మోకాళ్ళు తెల్లగా అయ్యాయి. నిజం రాయమన్నావు కదా, రాస్తున్నాను. లేచాడు. మంచం దిగాడు. కిటికీ దాకా నడిచాడు, చువ్వలు పట్టుకుని వీధి చూశాడు, తిరిగి నడిచొచ్చి కూర్చున్నాడు. కోనేటి మెట్ల మీద ఏళ్ళ తరబడి పడుకున్నవాడు పరుపు చుట్టి చంకన పెట్టుకున్నట్టే. ఇది నా సాక్ష్యం, ఎవరి ముందైనా చెబుతాను.

కాబట్టి పాత నడక కోసం పోట్లాడకు. బతికున్నవాణ్ణి సమాధి దగ్గర వెతుక్కునేవాళ్ళలా ఉండకు. పాతవి గతించాయి, వాటిని పోనీ. మీ సున్నా సారుకి చెప్పు, మా దేవుడు కూడా సున్నా నుంచే మొదలుపెట్టేవాడని. ఆ మనిషితో కూర్చుని మాట్లాడాలనిపిస్తోంది.

ఇక్కడ కొట్టు ముందు రోడ్డు తవ్వారు. బేరాలు లేవు. అయినా ఈ వారమంతా ఈలవేస్తూ పనిచేశాను.

హల్లెలూయ అంటూ
పెద్దన్నయ్య


మార్చి 2

అన్నయ్యా, అన్నయ్యా,

"కిటికీ దాకా నడిచాడు" అన్న దగ్గరే చాలాసేపు ఉండిపోయాను. ఆఫీసు వరండాలో నిలబడి ఏడుస్తుంటే ఊడ్చే ఆవిడ చీపురు గోడకి ఆనించి నీళ్ళిచ్చింది. "మా అన్నయ్య నడిచాడు" అన్నాను. "ఎంత వయసమ్మా బాబుకి?" అంది. ఏడుస్తూనే నవ్వొచ్చింది.

నీ మాట మీద నమ్మకమున్నా చిన్నన్నయ్యకి ఫోన్ చెయ్యకుండా ఉండలేకపోయాను. "నడుస్తున్నావటగా!" అన్నాను. చాలాసేపు నవ్వాడు. నవ్వీ నవ్వీ, "అన్నయ్య చెప్పాడా? అయితే అంతే" అన్నాడు. తర్వాత "నిజంగా నన్నే పిలుస్తారా చెల్లీ? ఇంకెవర్నీ కాదుగా?" అని రెండుసార్లు అడిగాడు. నిన్నే అన్నాను. పెట్టేశాడు.

సున్నా సారుకి చెప్పాను. ఆయన లేచి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఇంతకంటే ఏం కావాలండీ? పడి లేచినవాడి నడక! భుజం వంగితే వంగనివ్వండి" అన్నాడు. అంటే ఏంటో తెలుసా? పాత నడకని తప్పన్న మనిషే చిన్నన్నయ్య కొత్త నడక కోసం ఎదురుచూస్తున్నాడు. వచ్చే నెల మొదటి వారంలో తీస్తాం. కారు పంపిస్తాను, ఇద్దరూ రండి.

పాత రికార్డింగులున్న గదిని ఖాళీ చేస్తున్నారు. ఆ యంత్రాలకి విడిభాగాలు ఎక్కడా దొరకవు, కొత్త కెమెరాలకి చోటు కావాలి. సామాన్లు సర్దే ఆయన వచ్చి, "మేడమ్, మీ బ్రదర్‌వి మాత్రం మిమ్మల్ని అడక్కుండా ముట్టుకోలేదు. ఉంచాలా, చెరిపెయ్యాలా?" అని అడిగాడు. ఇదివరకైతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని. నీ ఉత్తరం సంచిలోనే ఉంది. చెరిపెయ్యండి అన్నాను. ఎందుకో భుజాల మీంచి మూట దింపినట్టుంది.

ఇంకో మాట. పాత ఎనిమిది భాగాల్నీ ఈ నెలాఖరు సాయంత్రం మూసేస్తున్నారు. ఆ ఆట తెరవాలంటే ముందు కంపెనీ యంత్రం అనుమతివ్వాలి, ఆ యంత్రాన్నే ఆపేస్తారు. కొత్తది వచ్చేముందు పాతది కంటికి కనబడకూడదని సున్నా సారు పట్టుదల. చిన్నన్నయ్య ఇంట్లో ఆడుకునేదీ తెరుచుకోదు. తనకిక దాంతో పనేముందిలే, స్వయంగా నడుస్తుంటే!

తొడుగు కుట్టించాలి. నడుము, తొడ, పిక్క కొలతలు, బూటు సైజు రాసి పంపు.

సంతోషం పట్టలేని
నీ చెల్లెలు


మార్చి 12

చెల్లీ,

కొలతలు మిషను అక్కయ్య చేత రాయించి ముందే వేరే కవర్లో పంపాను. పిక్కలు సన్నబడ్డాయి, కుట్టేవాళ్ళకి ఆ సంగతి చెప్పు. బూట్లు నేనే కొన్నాను. తెల్లవి. వాటిని మంచం పక్కన కుర్చీలో పెట్టుకుని తమ్ముడు రోజంతా చూస్తున్నాడు.

రోజూ సాధన చేస్తున్నాం. గిటారాయన ఒక చంక కింద, బేకరీ ఆయన ఇంకో చంక కింద చేతులేసి నిలబెడుతున్నారు. నేను ఎదురుగా నిలబడి వాక్యం చదువుతున్నాను. నిన్న తమ్ముడు చెమటలు కారుతూ ఏమన్నాడో తెలుసా? "అన్నయ్యా, వీళ్ళు నన్ను నడిపిస్తున్నారా, బీరువా జరుపుతున్నారా?" బేకరీ ఆయన నవ్వి పట్టు వదిలేశాడు, అదృష్టం బాగుండి మంచం మీదే పడ్డారు ఇద్దరూ. అయినా మళ్ళీ లేపమంటాడు. అంత పట్టుదల నేను ఎవరిలోనూ చూళ్ళేదు. ఆ ఆట కూడా మానేశాడు, "ఇక అది ఎందుకు?" అంటాడు. నా ఇంట్లో తుపాకులు మూగబోయాయి!

నాకొక సందేహం. కాళ్ళు వాక్యానికి ఇంకా పూర్తిగా లోబడలేదు. లోబడతాయి, ఆలస్యమంతే. కెమెరాల ముందు చెరో పక్కన ఇద్దరు పట్టుకుంటే మీవాళ్ళకి అభ్యంతరమా? తర్వాత ఆ ఇద్దర్నీ బొమ్మలోంచి తీసేయొచ్చట కదా, గిటారాయన చెప్పాడు. మీ సున్నా సారుని అడిగి రాయి.

వానచుక్క ఒక్కటీ కనబడని రోజుల్లోనే ఓడ కట్టినవాడి ఇంటివాళ్ళం మనం. భయపడకు.

పెద్దన్నయ్య


మార్చి 19

అన్నయ్యా,

నడిచాడని రాశావు.

కిటికీ దాకా నడిచాడని, చువ్వలు పట్టుకున్నాడని, తిరిగొచ్చాడని రాశావు. ఉన్నదున్నట్టు రాయమని అడిగాను. "నిజం రాయమన్నావు కదా" అని మొదలుపెట్టి మరీ రాశావు. ఇప్పుడు కాళ్ళు వాక్యానికి లోబడలేదంటున్నావు. పక్కన ఇద్దరు పట్టుకోవాలంటున్నావు. నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. మిషను అక్కయ్య, బల్ల, మోకాలు. అక్కడే ఉంది అంతా. నేను దాన్ని నవ్వుకుని దాటేశాను. నువ్వు నాకూ ఆ సాక్ష్యమే చెప్పావని నాకెలా తెలుస్తుంది? నేను అడిగింది మందిరంలో నిలబడి కాదు అన్నయ్యా. ఇంట్లో మనిషిగా అడిగాను.

నీ ఉత్తరం అందగానే పాత గదికి పరిగెత్తాను. నేల మీద యంత్రాలున్న మేరకి దుమ్ము లేని చతురస్రాలు మిగిలాయి. సామాన్లు సర్దే ఆయన కొత్త కెమెరాకి స్టాండు బిగిస్తున్నాడు.

"మా అన్నయ్యవి..."

"ఆ రోజే చెరిపేశాం మేడమ్. మీరే చెప్పారుగా?"

"ఎక్కడా లేవా?"

"లేవమ్మా. ఏమైంది? కూర్చోండి."

ఆటలోంచి నడకని మళ్ళీ బయటికి లాగాను. ఆటలో మిగిలేది పిండేసిన నడక, బరువు తగ్గించడానికి సగం పడేసినది. దాన్ని కొత్త ఎముకలకి తొడిగితే మోకాళ్ళు వెనక్కి విరిగాయి. చక్కదిద్ది మళ్ళీ చూపించాను. సున్నా సారు చూశాడు, జాలిగా. "ఆయన వస్తారన్నారు కదండీ మీరే" అన్నాడు. రాలేడని చెప్పాను. ఆయన గొంతు కూడా పెంచలేదు. మర్నాడు ఒక నాట్యం మాస్టారిని తీసుకొచ్చారు. కుదురైన మనిషి, నాకు వంగి నమస్కారం పెట్టాడు. చిన్నన్నయ్య కొలతల తొడుగునే విప్పి, పిక్కల దగ్గర వదులు చేసి అతనికి తొడిగారు. బహుమతి అందుకోవడానికి వేదిక ఎక్కుతున్నట్టు నడుస్తాడు. అతని తప్పేం లేదు. అదే ఖాయమైంది.

ఈ నెలాఖరు సాయంత్రం పాత ఆట ఆరిపోతుంది. దాంతో చిన్నన్నయ్య నడక భూమ్మీద ఎక్కడా ఉండదు. తనకి నువ్వే చెప్పు. పిలుస్తారని నువ్వే కదా చెప్పింది. నిన్నే పిలుస్తారని నేనూ చెప్పాను, రెండుసార్లు అడిగించుకుని మరీ.

నాకు ఫోన్ చెయ్యకు. ఉపవాసం విరిచి మరీ చేసినా ఎత్తను. రాయనూ వద్దు.

చెల్లెలు


మార్చి 30

చెల్లీ,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. ఫోన్ ముట్టనన్న మాటా తప్పాను. తమ్ముడి ఫోన్ నుంచి పదే పదే చేశాను. మోగీ మోగకుండానే కట్ చేశావు. సబబే. అందుకే ఈ కాగితం గిటారాయన చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు చదివి బయటికొచ్చేదాకా మీ గేటు దగ్గర్నుంచి కదలొద్దని చెప్పాను.

నీ ఉత్తరం వచ్చేలోపే పడ్డాడు. ఆదివారం కింద మందిరంలో పాట సాగుతోంది. మేమంతా చప్పట్లు కొడుతున్నాం. ఒక్కడే తెల్ల బూట్లు తొడుక్కుని, కిటికీ చువ్వకి బెల్టు కట్టి, దాన్ని పట్టుకుని లేవబోయాడు. బెల్టు తెగింది. పడ్డ చప్పుడు మాకు వినబడలేదు, పాట అంత బాగా పాడాం. భుజం, మణికట్టు విరిగాయి. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ ఫోటోలు వెలుతురుకి పెట్టి చూసి నా వైపు తిరిగింది.

"ఇతన్ని ఎవరు లేపమన్నారు?"

"నేనేనమ్మా."

"ఆ వెన్ను ఇక అతకదని మీకు మొదట్లోనే చెప్పాం కదండీ. మీరు విన్లేదా?"

విన్నాను చెల్లీ. విని, నోటితో అనకపోతే అది జరగదనుకున్నాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని ఇప్పుడు చెప్పింది. ఇంటికి తీసుకెళ్ళి దగ్గర కూర్చోమంది. అంటే ఏంటో అడగలేదు.

ఆ మొదటి ఆదివారం నీకు ఉత్తరం రాస్తుంటే తమ్ముడు మంచం మీంచి అడిగాడు.

"ఏం రాస్తున్నావు అన్నయ్యా?"

"నువ్వు నడిచావని."

"ఎప్పుడు?"

"దేవుడి లెక్కలో."

"ఆ లెక్క చెల్లికి తెలుసా?"

"తెలియకపోతే తెలుసుకుంటుంది" అని కవరు అంటించేశాను. ఆ తర్వాత నువ్వు ఫోన్ చేసి నడుస్తున్నావటగా అంటే అతనెందుకు నవ్వాడో ఇప్పుడైనా అర్థమైందా? నన్ను అబద్ధాలకోరుని చెయ్యలేక నవ్వాడు. ఆ మాట నిజం చేద్దామని బెల్టు కట్టుకున్నాడు.

నీ చివరి ఉత్తరం అతనికి చదివి వినిపించాను, ఒక్క ముక్క దాచకుండా. నాట్యం మాస్టారి సంగతి రాగానే "బాగా నడుస్తాడా?" అన్నాడు. బహుమతి అందుకునేవాడిలా నడుస్తాడట అన్నాను. "పోన్లే, ఒకడైనా అందుకోవాలిగా" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరగబోయాడు. భుజం తిరగనివ్వలేదు.

నిన్న ఆట పెట్టమన్నాడు. అతని చెయ్యి కట్టులో ఉంది, ఆ మీటల పెట్టె నా చేతికొచ్చింది. అన్నేళ్ళూ తలుపు అవతల నుంచి విని, మనుషుల్ని చంపుకుంటూ కూర్చుంటాడనుకున్నాను. తుపాకుల చప్పుడు ఎదుటివాళ్ళదట. అతనెప్పుడూ ఎవర్నీ కాల్చలేదు. రేవు గట్టు మీద, వంతెన మీద ఊరికే నడిపించుకుంటూ కూర్చునేవాడు. మొదటిసారి చూశాను. ఎడమ భుజం వంచి, ఆ పాదం కాస్త బయటికేసి, ఎవరో మెడ మీద కూర్చున్నట్టు జాగ్రత్తగా. నిన్ను ఎత్తుకు తిప్పిన భుజం కదే అది!

నడిపించమన్నాడు. తాళం కప్పలో వెంట్రుకంత స్ప్రింగు పట్టుకునే వేళ్ళు ఇవి, ఇక్కడ కొయ్యముక్కలైపోయాయి. ముసుగువాణ్ణి గోడకి గుద్దించాను. వంతెన మీంచి నీళ్ళలోకి దూకించాను. దారిన పోయే పోస్టుమ్యాన్‌ని కాల్చాను. "వాక్యం చెప్పేవాడివి, ఈ హత్యలేంటి అన్నయ్యా" అని నవ్వబోయి దగ్గులో పడ్డాడు. గిటారాయన అందుకుని చక్కగా నడిపించాడు. అదంతా వీడియో తీసి ఉంచుతానని కూడా అన్నాడు. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. "అది నేను ఎప్పుడో నడిచింది అవుతుంది. ఇది ఇప్పుడు నడవడం" అన్నాడు. కాసేపటికి, "చెల్లి అయితే వంతెన మధ్యలో ఆపేది. ఆపితే ముక్కు గోక్కుంటాను. కెమెరాల ముందు నిజంగానే దురదపుడితే గోక్కున్నాను, చెల్లి తీసెయ్యకుండా ఉంచేసింది. ఎక్కడ ఆపాలో చెల్లికే తెలుసు" అన్నాడు. ఇక కళ్ళు మూసుకున్నాడు. ఆట తెరమీద అలాగే ఉంది. ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు.

ప్రార్థన చెయ్యమని మిషను అక్కయ్య వచ్చింది. మోకరించి, ప్రార్థన చెయ్యకుండానే లేచాను. ప్రళయం గురించి ఎన్నిసార్లు బోధించానో! ఓడలో ఉన్నవాళ్ళ గురించే చెప్పాను. నీళ్ళు పెరుగుతుంటే బయట నిలబడి తలుపు కొట్టినవాళ్ళ గురించి ఒక్కనాడూ చెప్పలేదు. వాళ్ళేమని పిలిచారో నాకిప్పుడు తెలుసు.

కాబట్టి నీ ఎదుట, మా మందిరం కట్టుబాటు తెంపి, దాని పేరు రాస్తున్నాను. నీ చిన్నన్నయ్య నడుము కింద చచ్చుబడి ఉన్నాడు. నడవలేదు. నడవడు. ఛాతీలో నీరు పైకొస్తోంది. ఇది సాక్ష్యం కాదు, కళ్ళతో చూస్తున్నది.

నా మీద నీకున్న కోపం అలాగే ఉంచుకో, నేనేం అడ్డుపడను. రేపు సాయంత్రం మీవాళ్ళు ఆ యంత్రం ఆపేస్తారు. అతనికి అంతకంటే ఎక్కువ గడువుందో లేదో నాకు తెలీదు. సున్నా సారు అడిగితే చెప్పి రా, సెలవివ్వకపోతే చెప్పకుండా రా. కుర్చీ పోతే పోనీ. సంచి సర్దుకోకు. రేపు పొద్దున బస్సుకి వస్తాననకు. ఈ కాగితం మడిచే టైము కూడా వద్దు, గిటారాయన గేటు దగ్గరే ఉన్నాడు. వచ్చి ఆ మీటల పెట్టె నీ చేతిలోకి తీసుకుని, అతను చూస్తుండగా వంతెన మధ్యదాకా నడిపించి ఆపు. లే చెల్లీ, నీ పెద్దన్నయ్య కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాడు, ఇవాళే, ఇప్పుడే బయల్దేరు!